ఎస్తేర్‌కు చోటు లేని మూడు గంటలు

2018 వెనిస్ చిత్రోత్సవం పోటీలో రెండు మెక్సికన్ దర్శకుల సినిమాలు తలపడ్డాయి. జ్యూరీ అధ్యక్షుడు గియెర్మో దెల్ తోరోదీ మెక్సికోనే. అల్ఫోన్సో క్వారోన్ తీసిన ‘రోమా’ అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ ఎగరేసుకుపోయింది. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని దాన్ని మనవాళ్లూ చాలామంది చూశారు. రెండోది కార్లోస్ రెయ్‌గాదాస్ తీసిన ‘నుయెస్త్రో తియెంపో’, ఇంగ్లిష్‌లో ‘అవర్ టైమ్’. జ్యూరీ దానికి ఏ అవార్డూ ఇవ్వలేదు. అదేమంత విషయం కాదు. మెక్సికో స్వతంత్ర సినిమాకు ఇరవై ఏళ్లుగా పెద్ద దిక్కుల్లో ఒకడైన దర్శకుడు ఇంత ఇరుకైన సినిమా తీయడమే నిరాశ కలిగిస్తుంది.

కథ చిన్నదే. హువాన్ పేరుమోసిన కవి, త్లాస్కాలా ప్రాంతంలో బుల్‌ఫైట్‌ల కోసం గిత్తల్ని పెంచే భూస్వామి. ఆ వ్యవహారాలన్నీ చూసుకునేది భార్య ఎస్తేర్. ఇద్దరూ ఆధునికులమనుకుంటారు. పరాయి సంబంధాలు పెట్టుకోవచ్చు, కానీ దాచకూడదని ఒప్పందం. గుర్రాలకు శిక్షణ ఇచ్చే అమెరికన్ ఫిల్‌తో దగ్గరైనప్పుడు ఎస్తేర్ ఆ సంగతి దాస్తుంది. హువాన్‌కు నిద్ర కరువవుతుంది. హువాన్‌గా నటించింది రెయ్‌గాదాసే. ఎస్తేర్ పాత్రలో ఆయన భార్య నతాలియా లోపెస్ గయార్దో. పిల్లలు కూడా సొంత పిల్లలే. ఇది ఆత్మకథ కాదని ఆయన చెప్పాడు. నమ్ముదాం. సినిమాలో చిక్కు అది ఆత్మకథ అవునా కాదా అన్నది కాదు.

నిడివినీ తప్పు పట్టను. మూడు గంటల సినిమా మనకేం కొత్త కాదు. పైగా మొదటి భాగం నిజంగా అద్భుతం. నీళ్లు అడుగంటిన చెరువు బురదలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. డియేగో గార్సియా కెమెరా ఆ ఎండనీ, బురదనీ, ఈడొచ్చిన పిల్లల సిగ్గునీ తొందర లేకుండా పట్టుకుంటుంది. ఒక గిత్త కంచరగాడిదను పొడిచి చీల్చేసే దృశ్యం ఒళ్లు జలదరింపజేస్తుంది. విమానం మెక్సికో సిటీ మీద దిగుతుండగా నేపథ్యంలో ఉత్తరం వినిపించే చోటు కూడా మరిచిపోలేం. ప్రకృతి ముందు నిలబెడితే రెయ్‌గాదాస్‌కు సాటి వచ్చేవాళ్లు తక్కువ.

మనుషులు నోరు విప్పాకే సినిమా జారిపోతుంది. హువాన్ అనుమానిస్తాడు, ఫోన్ వెతుకుతాడు, ఫిల్‌కు రాస్తాడు, చాటుగా చూస్తాడు, ఏడుస్తాడు, మళ్లీ దానికంతా ఒక సిద్ధాంతం చెబుతాడు. అతడి ఈర్ష్యకు పేజీలకు పేజీల మాటలున్నాయి. ఎస్తేర్‌కు ఆ మాటలకు జవాబు చెప్పుకోవడంతోనే సరిపోతుంది. ఫిల్‌లో ఆమె ఏం చూసింది? ఎందుకు దాచింది? హువాన్‌కు అర్థమైన మేరకే మనకూ అర్థమవుతుంది. మగవాడి పెత్తనాన్ని బయటపెట్టడమే దర్శకుడి ఉద్దేశం అని సమర్థించేవాళ్లు ఉన్నారు. ఉద్దేశం అదే కావచ్చు. కానీ పెత్తనం కనిపించాలంటే దాని పట్టుకు చిక్కని చోటు ఒక్కటైనా ఉండాలి కదా? అంతా నాకు చెప్పాలి అని హువాన్ పెట్టిన షరతునే సినిమా కూడా ఎస్తేర్‌కు పెట్టింది. ఆమె ఒంటరిగా ఉన్న దృశ్యాల్లోనూ అతడు తొంగిచూస్తున్నట్టే ఉంటుంది.

ఇది రెయ్‌గాదాస్‌కు చేతకాని పనేం కాదు. 2007లో తీసిన ‘స్టెల్లెట్ లిఖ్ట్’ (ఇంగ్లిష్‌లో ‘సైలెంట్ లైట్’)లోనూ ఇదే ముగ్గురి కథ, భార్య పేరూ ఎస్తేరే. మెక్సికోలోని చివావా రాష్ట్రంలో, మెన్నొనైట్లనే సంప్రదాయ క్రైస్తవ వర్గానికి చెందిన రైతు కుటుంబం, వాళ్లు మాట్లాడే ప్లాట్‌డీచ్ అనే జర్మన్ మాండలికం. అక్కడ దారి తప్పినవాడు భర్త. ఏదీ దాచడు, అన్నీ భార్యకు చెప్పేస్తాడు. ఆ నిజాయితీ ఆమెను ఎలా తొలిచేస్తుందో మనకు కనిపిస్తుంది. జోరువానలో కారు దిగి చెట్టు దగ్గరకు వెళ్లి గుండె పగిలేలా ఏడ్చే ఎస్తేర్‌ది ఆ దృశ్యం, భర్తది కాదు. ఆ పాత్ర వేసిన మిరియం టేవ్స్ కెనడా నవలా రచయిత్రి, మెన్నొనైట్ కుటుంబంలోనే పుట్టి పెరిగింది. కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రైజ్ దక్కిన ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. పదకొండేళ్ల తర్వాత అదే దర్శకుడు, తనకు రాని భాష మాట్లాడే ఎస్తేర్‌కు ఇచ్చిన చోటు సొంత ఇంటి ఎస్తేర్‌కు ఇవ్వలేకపోయాడు. తెలిసిన ఇల్లు కాబట్టే కాబోలు, వెతకాల్సిందేమీ లేదనుకున్నాడు.

ఇక్కడే ‘రోమా’తో పోలిక తప్పదు. క్వారోన్ కూడా తన చిన్ననాటి ఇంటి కథే చెప్పాడు, కానీ ఆ ఇంట్లో పనిచేసే క్లియో వైపు నిలబడి చెప్పాడు. యజమానుల కాపురం కూలిపోవడం ఆమెకు తలుపు సందుల్లోంచి కనిపించినంతే మనకూ కనిపిస్తుంది. ఆ సినిమా మీదా నాకు ఫిర్యాదులున్నాయి, క్లియోకు మాటలు మరీ తక్కువ. అయినా కెమెరాను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అతడు వేసుకున్నాడు. రెయ్‌గాదాస్ రాంచ్‌లో గిత్తల్ని అదుపు చేసే పనివాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకునే పని చేస్తుంటారు. దొరగారి కాపురం గురించి వాళ్లు ఏమనుకుంటున్నారో ఒక్క మాట వినిపించినా ఈ సినిమాకు గాలి ఆడేది. వాళ్లు పని ముగించుకుని ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోతారు, మనం మళ్లీ హువాన్ బాధ దగ్గరికి వస్తాం.

ఎస్తేర్‌గా నటించిన లోపెస్ గయార్దో ఎప్పటినుంచో మంచి ఎడిటర్, ‘స్టెల్లెట్ లిఖ్ట్’ కూర్పు ఆమెదే. 2022లో ‘మాంతో దె హేమాస్’ (ఇంగ్లిష్‌లో ‘రోబ్ ఆఫ్ జెమ్స్’)తో దర్శకురాలైంది. మెక్సికో పల్లెల్లో మనుషులు మాయమైపోతున్న నేపథ్యంలో ముగ్గురు ఆడవాళ్ల కథ అది. బెర్లిన్ చిత్రోత్సవంలో సిల్వర్ బేర్ జ్యూరీ ప్రైజ్ తెచ్చుకుంది. అక్కడా కథ చాలా చోట్ల విడివిడి ముక్కలుగానే ఉంటుంది, అయోమయం తక్కువేం కాదు. అయితే అందులో ఏ ఆడమనిషీ తన మనసులో ఉన్నది ఇంకొకరికి అప్పజెప్పాల్సిన పని లేదు.