పెళ్లయితే గానీ పెద్దవాడు కాడు

అమెరికాలో 18 ఏళ్లు నిండగానే పిల్లలు ఇల్లు విడిచి వెళ్లిపోతారని, అక్కడ కుటుంబ విలువలు లేవని మనలో చాలామందికి గట్టి నమ్మకం. అలాంటివాళ్ల చేత కాలేజీ ఆర్థిక సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం ఒకసారి చదివించాలి. మన అమ్మమ్మల అభిప్రాయాలను ఏకంగా చట్టంలో రాసుకున్న ప్రభుత్వం అది.

18కి ఓటు వేయొచ్చు. కానీ ఈ ఫారం లెక్కలో డిగ్రీ చదివేవాడు 24 నిండేదాకా నాన్న చాటు బిడ్డే, సాయం తేల్చేది నాన్న ఆదాయం చూసే. అదీ జనవరి 1కి ముందే నిండాలి. కొత్త సంవత్సరం రోజున పుట్టినవాడు ఇంకో ఏడాది ఆగాలి. సొంతంగా అద్దె కట్టుకున్నా, రాత్రి డ్యూటీలు చేసి బతుకుతున్నా, నాన్న టాక్స్ రిటర్న్‌లో వాడి పేరు తీసేసినా లాభం లేదు. 'మా నాన్న పైసా ఇవ్వనన్నాడండీ' అంటే, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం, ఆయన ఆదాయాన్ని లెక్క వేయడం మా ఇష్టం అంటారు. ఆ ఆదాయం కూడా రెండేళ్ల కిందటిది! నాన్న కొట్టి తరిమేశాడని రుజువు చూపిస్తే కాలేజీ అధికారి కనికరించవచ్చు. ఇవ్వనన్నాడని రుజువు చేసినా అది పనికిరాదు.

మనవాళ్ల ఇళ్లలో ఈ లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. నాన్న ఉద్యోగ వీసాకు తోకగా వచ్చే హెచ్-4 వీసా మీదున్న అక్కకు 21 నిండగానే ఇమిగ్రేషన్ శాఖ 'ఇక నువ్వు మీ నాన్న మీద ఆధారపడ్డ పిల్లవి కావు' అంటుంది. అక్కడే పుట్టి పౌరుడైన తమ్ముడికి 21 నిండితే విద్యాశాఖ 'ఇంకో మూడేళ్లు బిడ్డవే' అంటుంది. ఇల్లు ఒకటే, నాన్న ఒకడే. అక్కకు ఆ సాయం ఎలాగూ రాదనుకోండి, అది వేరే దుఃఖం.

మరి పెద్దవాడయ్యే దారి? ఎమ్మెస్‌లోనైనా చేరాలి, సైన్యంలోనైనా పనిచేయాలి, బిడ్డనైనా పోషించాలి. లేదా పెళ్లి. నిన్న పెళ్లాడి ఇవాళ ఫారం నింపినా అమ్మానాన్నల జీతం ఊసెత్తరు, సంతకమూ అడగరు. మొదటి ఏడాది ఫెడరల్ అప్పు పరిమితి 5,500 డాలర్ల నుంచి 9,500కు పెరుగుతుంది. పెళ్లికి అప్పు చేసే జాతి మనది, ఇది కాస్త తిరగేస్తే చాలు.

కాబట్టి మ్యారేజ్ బ్యూరోలకు మనవి: డిగ్రీ కుర్రాడికి వధువు కావలెను. కట్నం వద్దు. అక్టోబరులో ఫారం తెరిచేలోగా ముహూర్తం కుదరాలి. అమ్మాయికి ఉద్యోగం ఉండరాదు, ఆమె జీతం లెక్కలో వేస్తారు.