ఎడమ చేతికి పాఠం ఎవరు చెబుతారు?

నెల్లూరులో కీబోర్డ్ నేర్పే చోటికి వెళ్లి ఫీజు ఎంతని అడిగితే, ముందు వాళ్లే ఒక ప్రశ్న వేస్తారు: "బాబుకా, పాపకా సార్?" నాకే అని చెప్పిన రోజుకి నాకు 46 ఏళ్లు. మాస్టారు నవ్వలేదు, అది ఆయన మర్యాద. చేతిలో పెట్టింది మాత్రం ఏనుగు బొమ్మల పిల్లల పుస్తకం. పక్క స్టూలు మీద మూడో తరగతి పిల్ల అందులోని మొదటి పాటను రెండు చేతులతో వాయించేస్తోంది.

నలభై దాటాక వేళ్లు వంగవు, ఇక పియానో ఏం వస్తుంది అంటుంటారు. నన్ను వేళ్ల కంటే చెవే ఎక్కువ ఏడిపించింది. పిల్లలు తప్పు వాయించినా హాయిగా ముందుకు పోతారు. మనకలా కాదు. పుట్టినప్పటి నుంచి బాలుగారి పాటలు వింటూ పెరిగినవాళ్లం, మా ఊరి ప్రభుత్వ సంగీత పాఠశాలకు పెట్టిన పేరూ ఆయనదే. అంత విన్న చెవి, వేలు మెట్టు (కీ) మీద పడీ పడకముందే "తప్పు" అంటుంది. దాంతో టెన్షన్, టెన్షన్‌తో భుజాలు బిగుసుకోవడం, ఆ బిగువుతో ఇంకో తప్పు.

ఈ చెవికి ఇంకో అలవాటు కూడా ఉంది. మా అమ్మమ్మగారిది ఒంగోలు వైపు పల్లె. తిరునాళ్లకు పద్యనాటకం వేస్తే నేను స్టేజీ పక్కకు చేరేవాణ్ణి, హార్మోనిస్టును చూడడానికి. ఎడమ చేత్తో తిత్తి ఆడిస్తూ, కుడి చేత్తో రాగం వెంట పరిగెత్తేవాడు. నటుడు "ఐదున్నర" అంటే చాలు, శ్రుతి అందేది. తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, మధ్యలోని నల్ల మెట్లకు ఒకటిన్నర, రెండున్నర లాంటి అరలు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అనే మాటే ఉండదు. పియానో మెట్ల వరుసా ఇదే. అంటే మనలో చాలామందికి సగం పాఠం చిన్నప్పుడే తెలుసు, కాకపోతే అది కుడి చేతి సగం. ఎడమ చెయ్యి గాలి కొట్టడం చూశాం గానీ పాట వాయించడం చూడలేదు.

గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, రాదన్నది హార్మోనియం మీద పాత నేరారోపణ. ఇలాంటి అభ్యంతరాలతోనే ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసి 1971 దాకా రానివ్వలేదు. నాటకం వాళ్లు మాత్రం వదల్లేదు. పియానో పరిస్థితి ఇంకా కష్టం. సుత్తి తీగను కొట్టగానే నాదం తగ్గిపోవడం మొదలవుతుంది, స్వరాన్ని సాగదీసి ఊపే వీలు లేదు. మన రాగాన్ని ఉన్నదున్నట్టు దీని మీద దించాలని చూసేవాళ్లకు నిరాశే. దాని బదులు పియానో ఇచ్చేది రెండో చేతిని. మనం వెళ్లాల్సింది దాని కోసమే.

పెద్దవాళ్లకు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా వాదన. మొదటి నెలంతా ఎడమ చెయ్యి తంబురాలా ఆధార స్వరాలు మోగించే పని చేయాలి. చిటికెన వేలు స మీద, బొటన వేలు ప మీద, అంతే. కుడి చేతికి సరళీ స్వరాలు, అంటే సంగీతంలో తొలి పాఠాలు. మన కర్ణాటక సంగీతంలో అవి మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. ఒకటో శ్రుతిలో వాయిస్తే రి, ద రెండే నల్ల మెట్లు, మిగతావన్నీ తెల్లవి. అన్నీ తెల్ల మెట్లే వాయిస్తే శంకరాభరణం రాగం. నలభై ఏళ్ల మనిషికి ఏనుగు పాట కంటే ఇది దగ్గర.

మాస్టార్లు ఇలా ఎందుకు చెప్పరంటే, వాళ్ల చేతిలో ఉన్నది లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల గ్రేడ్ల సిలబస్. ఇనీషియల్ నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లు. పిల్లలకు అది మంచిదే, సర్టిఫికెట్‌కు ఓ విలువుంది. నాకు దాంతో ఏం పని? గోడకు తగిలిస్తే మా ఆవిడ తీసేస్తుంది.

వాద్యం సంగతి. అసలు పియానో జోలికి పోవద్దు. మన సముద్రపు గాలి తేమకు దాని చెక్క ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది. సరిచేసే మనిషి కోసం చెన్నై వైపు చూడాలి. 61 మెట్ల కీబోర్డుతో ఏడాది గడుస్తుంది, అయితే వేలి ఒత్తిడిని బట్టి చప్పుడు మారేది కావాలి. ఇటలీలో క్రిస్టొఫోరి 1700 ప్రాంతంలో చేసిన ఈ వాద్యానికి పేరు వచ్చిందే మెల్లగా, గట్టిగా అన్న మాటల నుంచి. ఆ తేడా లేనిదానిపై నేర్చుకుంటే తర్వాత చేతులు మళ్లీ మొదటికొస్తాయి. కుదిరితే 88 మెట్లున్న, మెట్టుకు బరువున్న డిజిటల్ పియానో. హెడ్‌ఫోన్ మర్చిపోవద్దు, పక్కింటివాళ్లకూ చెవులుంటాయి.

ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. రాత్రి కుదరని ముక్క తెల్లారేసరికి కాస్త కుదరడం నాకు చాలాసార్లు జరిగింది.

ఎనిమిది నెలలైంది. మొన్న క్లాసులో కుడి చెయ్యి వేగం పెంచి, బాగా వస్తోందని నేను మురిసిపోతుంటే ఆ మూడో తరగతి పిల్ల నా స్టూలు దగ్గరికొచ్చి నిలబడింది.

"అంకుల్, మీ చిటికెన వేలు గాల్లో ఉంది."

చూసుకున్నాను. చాలాసేపటి నుంచే ఉన్నట్టుంది.