జర్మన్ బొద్దింకకు లోకల్ సర్టిఫికెట్

హోటల్ వంటగదుల్లో తనిఖీలు చేసే అధికారులంటే నాకు గౌరవమే. కానీ వాళ్లు రాసే రిపోర్టుల్లో ఒక వర్గానికి అన్యాయం జరుగుతోంది. ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేనే మాట్లాడాల్సి వస్తోంది.

2024 వేసవిలో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్ల మీద పడి, చూసిందంతా ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టడం మొదలైనప్పటి నుంచి ఆ రిపోర్టులు శ్రద్ధగా చదువుతున్నాను. పేరున్న హోటలైనా, హాస్టల్ మెస్సయినా విషయం ఇంచుమించు ఒకటే. శిక్షణ పొందిన సూపర్‌వైజర్ లేడు. వంటవాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు లేవు. పెస్ట్ కంట్రోల్ రికార్డు లేదు. తలకు టోపీ లేదు, చెత్తడబ్బాకు మూత లేదు. ఫ్రిజ్‌లో నానబెట్టిన చికెన్ డబ్బా మీద తేదీ లేదు. (దీన్ని కూడా తప్పు పడితే ఎలా? తేదీ వేస్తేనే కదా గడువు దాటేది.) బొద్దింకలు మాత్రం ఉన్నాయి.

అంటే ఆ పూట డ్యూటీలో ఉన్నది అవొక్కటే. ఉండాల్సినవాళ్లంతా ఎగ్గొడితే, వేళకు హాజరైనవాటి పేరు రిపోర్టుకెక్కించడం ఏం న్యాయం?

పోయినేడాది మా ఇంటి దగ్గర ఒక బిర్యానీ హోటల్లో తిని, బిల్లు కట్టడానికి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. కేషియర్ వెనక గోడకు వెంకన్న పటం, పటానికి దండ, కింద నిమ్మకాయలూ మిరపకాయలూ, పక్కన ఓనరుగారు ఎవరో మంత్రికి శాలువా కప్పుతున్న ఫొటో. వీధి అవతలి నుంచి కూడా స్కాన్ చేయగలిగినంత క్యూఆర్ కోడ్. ఫుడ్ లైసెన్సు, దాని 14 అంకెల నంబరు అందరికీ కనబడేలా పెట్టాలని రూలు ఉంది. పెట్టారు కూడా, క్యాలెండర్ వెనక. ఫ్యాను గాలికి క్యాలెండర్ లేచినప్పుడల్లా మొదటి నాలుగంకెలు అందరికీ కనబడుతున్నాయి.

కార్డు పెట్టి పిన్ కొట్టాను. మెషీన్‌లో రసీదు వచ్చే సందులోంచి ముందుగా రెండు మీసాలు వచ్చాయి. తర్వాత తల. అది నన్నూ, నా వెనక క్యూనూ తీరిగ్గా చూసింది. కేషియర్ అరచేత్తో మెషీన్‌ను ఒక్క తట్టు తట్టాడు. అది లోపలికి పోయింది, రసీదు బయటికి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే, "ఏం చేయదు సార్, ఇక్కడిదే" అన్నాడు.

అప్పుడు ఒళ్లు మండింది. అతను మాట్లాడింది సైన్సని తర్వాత తెలిసింది.

ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో, మిక్సీ మోటారు వెచ్చదనంలో కాపురముండే ఆ చిన్న గోధుమరంగు రకాన్ని జర్మన్ బొద్దింక అంటారు. 1767లో లిన్నేయస్ అనే స్వీడన్ ఆయన పెట్టిన పేరది. పాపం రెండు వందల యాభై ఏళ్లకు పైగా ఫారినర్ అన్న ముద్ర మోసింది. 2024లో శాస్త్రవేత్తలు దాని జన్యువులు పరీక్షించి అసలు సంగతి తేల్చారు. సుమారు 2,100 ఏళ్ల కిందట భారత్‌లోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి అది విడిపడిందట. ఇంచుమించు శాతవాహనుల నాటి మాట. మన దగ్గర మెడికల్ సీటుకు లోకల్ అనిపించుకోవాలంటే వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి తీరాలా అని 2025 దాకా కోర్టుల చుట్టూ తిరిగాం. రెండు వేల ఏళ్లుగా మనుషుల వంటిల్లు వదలనిదానికి మాత్రం సర్టిఫికెట్ ఇచ్చే తహసీల్దారు లేడు.

చట్టం కొంత నయం. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం అపరిశుభ్రంగా వండితే లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కాకపోతే ముందు నోటీసిచ్చి సరిదిద్దుకోమనే దారి ఉంది. ఆ గడువు 14 రోజులకు తగ్గకూడదు. ఈ 14 అంకె వేసినవాళ్లెవరో గానీ బొద్దింకల ఇంటి గుట్టు తెలిసినవాళ్లే. జర్మన్ ఆడ బొద్దింక గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని మూడు నాలుగు వారాలు తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30, 40 గుడ్లు. సంచికి పెంకు గట్టిది కాబట్టి స్ప్రే లోపలికి దిగదు. నోటీసు అందిన రాత్రి పెస్ట్ కంట్రోల్ కుర్రాడు వచ్చి ఓసారి మందు కొట్టి, కంటికి కనబడ్డ పెద్దలను సాగనంపి, బిల్లు ఇచ్చి పోతాడు. పదిహేనో రోజున అధికారి వస్తే నేల మెరుస్తుంటుంది, ఫైల్లో బిల్లు ఉంటుంది. ఇంకో వారానికి, ఏ గోడ చీలికలోనో మందు తగలకుండా మిగిలిన తల్లి సంచి తెరుచుకుంటుంది. గడువు ముగిసేదాకా ఆగి మరీ బయటికొచ్చే జీవిని చట్ట వ్యతిరేకి అంటే నేను ఒప్పుకోను.

పైగా దానికి ఓర్పు ఎక్కువ. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, మరికొందరు ఆసుపత్రి పాలయ్యాక, వాటితో నంజుకునే పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. బొద్దింక అంత తొందరపడదు. రెండు రోజులు కడుపు నొప్పి, నాలుగు విరేచనాలతో సరిపెడుతుంది. మనం దానికి "బయటి తిండి పడలేదు" అని పేరు పెట్టి, మజ్జిగ తాగి పడుకుంటాం.

మొన్న శనివారం పొద్దున ఫ్యామిలీ గ్రూపులో కొత్త రిపోర్టు వచ్చింది. మా ఆవిడ పైకి చదివింది. మూడో పేరు మా బిర్యానీ హోటలే. ఇంట్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

"అయితే రేపు ఎక్కడికి నాన్నా?" అంది మా అమ్మాయి.

"అక్కడికే," అంది మా ఆవిడ. "నోటీసు ఇచ్చి మూడు రోజులేగా అయింది. వెళ్తే ఇప్పుడే వెళ్లాలి. ఇంత శుభ్రంగా మళ్లీ ఎప్పుడుంటుంది?"

ఈ లెక్క మా ఒక్కరికే తట్టిందనుకుంటే పొరపాటు. ఆదివారం మధ్యాహ్నం టేబుల్ కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. వెయిటర్ల నెత్తిన కొత్త టోపీలు, ధరల స్టిక్కరు తీయలేదింకా. లైసెన్సు క్యాలెండర్ ముందుకు వచ్చింది. బిర్యానీ ఎప్పటిలాగే ఉంది, వంక పెట్టడానికి లేదు.

కౌంటర్ దగ్గర కార్డు మెషీన్ అంచుల చుట్టూ సెల్లోటేపు అంటించారు. "మొత్తం పెస్ట్ కంట్రోల్ చేయించాం సార్, ఇప్పుడేం లేవు," అన్నాడు కేషియర్. పిన్ కొట్టాను. రసీదు సగం దాకా వచ్చి ఆగింది.

కేషియర్ నా మొహం చూసి, మెషీన్‌ను అరచేత్తో మెల్లగా తట్టాడు.