నిరీక్షణ

మన తెలుగు బైబిల్లో దేవుని మీద పెట్టుకునే ఆశకు ఎక్కువగా కనిపించే మాట 'నిరీక్షణ'. బయట ఎవరినడిగినా దానికి ఎదురుచూడటం అనే అర్థం చెబుతారు. సండే స్కూల్లో ఆ మాట ఎన్నిసార్లు పలికానో! దాని బరువు మాత్రం నా ఉద్యోగం పోయాకే తెలిసింది.

అమెరికాలో హెచ్1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు వివరించి చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, అదీ కాకపోతే దేశం వదలాలి. రాత్రి రెండింటికి లేచి క్యాలెండర్ చూసుకునేవాణ్ణి. ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసి "ఏం నాన్నా, గొంతు అలా ఉందేంటి?" అంటే "జలుబమ్మా" అనేవాణ్ణి.

ఆ రోజుల్లో ఒక సహోదరుడు "టెన్షన్ పడుతున్నావంటే విశ్వాసం తగ్గినట్టే బ్రదర్" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట తప్పు, చాలామందిని కుంగదీసే తప్పు. 13వ కీర్తన మొదలవడమే ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావని దేవుణ్ణి అడగడంతో మొదలవుతుంది. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర ఓదార్పు మాట ఒక్కటీ లేదు. గెత్సేమనే తోటలో ప్రభువే ఈ గిన్నె నా నుంచి తొలగించమని వేడుకున్నాడు. ఆయన వేదన పడిన చోట మనం పడకూడదా?

మన ఇళ్ళలో గోడకు వేలాడే వాగ్దానం, రాబోయే కాలంలో మీకు నిరీక్షణ కలుగుతుందని చెప్పే యిర్మీయా 29:11. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్ళకు వచ్చిన ఉత్తరంలోది. దానికి ముందు వచనమే తిరిగి రావడానికి 70 ఏళ్ళు పడుతుందని చెబుతుంది. ఇంకా పైన, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంటుంది. గ్రీన్ కార్డు వచ్చాక చూద్దాం అంటూ బతుకునే వాయిదా వేసుకునే మనకు ఆ పై వచనాలు కూడా కావాలి. పరాయి ఊళ్ళో తోట నాటుకుంటూ ఎదురుచూడటం, నాకు అర్థమైన నిరీక్షణ ఇదే.

మా ఒంగోలు కథ ఒకటి చెప్పాలి. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి దొరికాయి. సువార్త చెప్పే బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మా పెద్దవాళ్ళకు నిరీక్షణ కూలి డబ్బుల రూపంలో కూడా అందింది.

అందుకే మన సంఘాలను, అంటే చర్చిని, ఇక్కడి మన తెలుగువాళ్ళ అసోసియేషన్‌నూ అడుగుతున్నాను. ఉద్యోగం పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయండి, ఆ తర్వాత వాళ్ళ రెజ్యూమె తీసుకోండి. లాయరు ఫీజుకు తలా కొంత వేయండి. నిద్ర పట్టడం లేదంటే డాక్టర్ దగ్గరకు మీరే తీసుకెళ్ళండి. అది అవిశ్వాసం కాదు. మా చర్చిలో ఒక అన్నయ్య బియ్యం సంచితో వచ్చి, వాక్యం ఏమీ చెప్పకుండా గంటసేపు నా పక్కన కూర్చున్నారు. ఆ రాత్రే అమ్మకు నిజం చెప్పగలిగాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్లోనే ప్రార్థన మొదలుపెట్టింది.

53వ రోజున నాకు ఉద్యోగం దొరికింది, తక్కువ జీతానికి. మా ప్రార్థన కూటంలోనే ఉన్న ఇంకో స్నేహితుడికి దొరకలేదు. నాకన్నా ఎక్కువ ప్రార్థించేవాడు. కుటుంబంతో విజయవాడ వెళ్ళిపోయాడు. నా విశ్వాసం వల్లే నాకు వచ్చిందని చెబితే అతని ముఖం ఎలా చూడను? ఇప్పటికీ మా శనివారం సాయంత్రం కూటానికి, వాళ్ళ ఆదివారం తెల్లవారుజామున, జూమ్‌లో వస్తాడు. పోయిన వారం మా అందరి కోసం ప్రార్థన చేసింది అతనే.