పరాచీలో పరాచికం

బ్రెజిల్‌లో రియో వెళ్దామంటే మా ఆయన ససేమిరా అన్నారు. అక్కడికి అందరూ వెళ్తారట, మనం ఎవరికీ తెలియని ఊరికి, అదీ పున్నమికి వెళ్లి వెన్నెల్లో తిరగాలట. సావో పాలోలో బస్సెక్కించి ఆరు గంటలు కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి పరాచీలో దించారు. ఎవరికీ తెలియని ఊరు కాదులెండి, 2019లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా వాళ్లకు తెలిసిపోయింది.

మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని గనుల బంగారం ఒకప్పుడు కంచరగాడిదల మీద కొండలు దిగి ఈ రేవుకే వచ్చేది. ఆనాటి పాత ఊరు అలాగే ఉంది, తెల్లగోడలు, రంగు తలుపులు, వీధుల నిండా పెద్ద పెద్ద రాళ్లు. కార్లు రాకుండా అడ్డంగా గొలుసులు కట్టేశారు కాబట్టి ట్యాక్సీ అతను మమ్మల్నీ పెట్టెనూ ఆ గొలుసు దగ్గర వదిలేసి చక్కా పోయాడు.

మా బస ఊరికి అటు చివర, సముద్రం పక్కన. పెట్టెకు నాలుగు చక్రాలు, చిటికెన వేలితో తోసేయొచ్చని కొన్నప్పుడు ఈయనే అన్నారు. ఆ రాళ్లేమో ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. మొదటి మలుపులో ఒక చక్రం ఊడింది, రెండో మలుపులో ఇంకోటి. అప్పటిదాకా నేను ఒక్క మాట కూడా అనలేదు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇంతలో కాళ్లకింద తడి. వాన లేదు, పైపు పగల్లేదు, సముద్రమే నింపాదిగా వీధిలోకి నడిచొస్తోంది! పున్నమికీ అమావాస్యకీ పోటు నీళ్లు వచ్చి ఊరు కడిగేసి వెళ్లేలా వీధుల్ని మధ్యలో పల్లంగా, గుమ్మాల్ని ఎత్తుగా కట్టుకున్నారట.

"ఏవండీ, మీది భీమిలి కదా, పున్నమికి పోటెక్కువని తెలీదా?"

"తెలుసు! పోటంటే బీచి దగ్గర ఆగాలి గానీ ఇళ్ల మధ్యకొస్తుందా?" అని నా మీద ఎగిరారు, అక్కడికి సముద్రాన్ని నేనే పిలిచినట్టు.

మిఠాయి బండి ఒకటి కనిపిస్తే నేను ఆ పక్క గుమ్మం ఎక్కేశాను. బండతను కాసేపు ఆగమని, నీళ్లు వాటంతటవే పోతాయని చేతులతో చెప్పాడు. అచ్చం మన కొబ్బరి లౌజులాంటిది ఒకటి చేతిలో పెట్టాడు, బాగుంది. మా ఆయన ఆగుతారా? స్టేషన్లో కూలీలా పెట్టె నెత్తిన పెట్టుకుని, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, 1722 నాటి శాంతా రీతా చర్చి ముందు నీళ్లలోకి దిగారు. సరిగ్గా నడిమధ్యకు వెళ్లాక జేబులో ఫోను మోగింది. తీయడానికి చేయి ఖాళీ లేదు. బస యజమానురాలే అయ్యుంటుంది, ఇంకా రాలేదేమని.

నీళ్లలో ఆ చర్చి నీడ ఫోటో తీయడానికే జనం వస్తారట, అప్పటికే పదిమంది కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. అందులో ఒకమ్మాయి మా ఆయన్ని కొంచెం ఎడమకు జరగమని సైగ చేసింది.

పెట్టెతో సహా జరిగారు కూడా.