గొంతు సిక్కోలుది, మొహం ఎవరిది?

శ్రీకాకుళం (సిక్కోలు), విజయనగరం జిల్లాల నుంచి ఇప్పుడు వస్తున్న జానపద వీడియో పాటల్లో చాలావాటిది ఒకటే మూస. కళింగపట్నం తీరానో, వంశధార ఒడ్డునో, తాటిపూడి గట్టు మీదో ఒక కుర్రజంట ఉంటుంది. డ్రోన్ పైకి లేస్తుంది, లంగావోణీ గిర్రున తిరుగుతుంది, పెదాలు కదులుతాయి. పాట పాడిన మనిషి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఎక్కడా కనిపించదు. కింద వివరాల్లో హ్యాష్‌ట్యాగుల మధ్య పేరొకటి ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. తోలు బిగించిన తీగ వాద్యం జముకు మోగుతుంది గానీ అది కనబడదు. డబ్బు చాలక ఇలా చేస్తున్నారనుకుందామా అంటే, ఆ జంటకు పారితోషికం, బట్టలు, మేకప్పు, ప్రయాణం అన్నీ పెట్టి మరీ చేస్తున్నారు. పాడినవాళ్ళను పక్కన పెట్టడానికి అదనంగా ఖర్చు పెడుతున్నారన్నమాట.

మ్యూజిక్ వీడియో ఎందుకు పుట్టిందో అందరికీ తెలిసిందే. గాయకుడు ప్రతి ఊరికీ వెళ్ళలేడు, వీడియో వెళ్తుంది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలయ్యాక రికార్డు కంపెనీలు ఈ సంగతిని వ్యాపారంగా మార్చుకున్నాయి. అక్కడ వీడియో అమ్మింది గాయకుడి మొహాన్నే. మన దారి వేరు. మనకు పాటంటే సినిమా పాట, సినిమా పాటంటే ఒకరి గొంతు, మరొకరి మొహం. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఘంటసాల చదివారు, సుశీల చదివారు. తెలుగువాళ్ళు దశాబ్దాలపాటు ఆ గొంతుల్ని హీరోల, హీరోయిన్ల పెదాల మీదే చూశారు. సినిమాకు అది అవసరం, అక్కడ పాడేది కథలో పాత్ర. కథా పాత్రా లేని నాలుగు నిమిషాల విడిపాటకు ఆ పద్ధతి దేనికి? తన గొంతుతో తానే తెర మీదికి వచ్చే వీలు తెలుగు గాయకుడికి వీడియో పాటతో దొరికింది. దాన్ని కూడా తీసుకెళ్ళి సినిమా అచ్చులోనే పోస్తున్నాం.

వీడియో పాటను పెంచుతుందనే మాట అందరూ అంటారు. ఎలా పెంచుతుందో చూద్దాం. 2007లో మైకేల్ షుట్జ్, స్కాట్ లిప్స్‌కోంబ్ అనే పరిశోధకులు మరింబా మీద ఒక పరీక్ష చేశారు. మరింబా అంటే చెక్కపలకల మీద కొట్టి వాయించే వాద్యం. వాద్యకారుడు చేతిని పొడుగ్గా సాగదీసి కొట్టినా, టక్కున కురచగా కొట్టినా ధ్వని ఒకేలా ఉంది. చూస్తూ విన్నవాళ్ళు మాత్రం పొడుగు చేయి చూసినప్పుడు స్వరం ఎక్కువసేపు మోగిందని చెప్పారు. కళ్ళు మూసుకుని వింటే ఆ తేడా పోయింది. 2013లో చియా-జుంగ్ త్సాయ్ చేసిన మరో అధ్యయనంలో సంగీత పోటీల విజేతలెవరో పోల్చమంటే, పాట విన్నవాళ్ళకన్నా శబ్దం లేని వీడియో చూసినవాళ్ళే బాగా పోల్చారు. వాయించే చేయి, పాడే మెడ, తీసే ఊపిరి కనిపిస్తేనే చెవి మరింత వింటుంది. సముద్రం కనిపిస్తే, చీర కొంగు ఎగిరితే చెవికి ఒరిగేదేమీ లేదు.

జముకునే తీసుకోండి. డొల్లగా ఉన్న గుండ్రటి పాత్రకు ఒకవైపు తోలు బిగిస్తారు. తోలు మధ్యలోంచి తీసిన తీగ చివరను ఒక చేత్తో పట్టి లాగుతూ, రెండో చేత్తో మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. గుమ్‌మని మూలిగే ఆ జారుడులోనే, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ప్రాణమంతా ఉంది. కానీ ఈ పాటల్ని జనం వినేది ఫోనులో. ఫోను చిన్న స్పీకరు సుమారు 300 హెర్ట్జ్‌కి దిగువనుండే లోతైన స్వరాల దగ్గర దాదాపు చేతులెత్తేస్తుంది. జముకు బరువంతా అక్కడే ఉంది. ఫోనులో మిగిలేది టక్‌టక్ మాత్రమే. తీగ లాగే చేతిని దగ్గరగా చూపిస్తే, స్పీకరు తినేసిన ఆ జారుడును కన్ను చెవికి అందిస్తుంది. జముకు చూపించని వీడియోలో ఆ వాద్యం ఉన్నా లేనట్టే. అందుకే కొందరు దాన్ని తీసేసి కీబోర్డు ప్యాడ్‌లతో సరిపెడుతున్నారు, ఎవరూ గమనించడం లేదు.

తప్పెట వాయిస్తూ పాడుతూ ఆడే తప్పెటగుళ్ళు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. రేకు తప్పెట గుండెల మీద కట్టుకుంటారు కాబట్టి గాయకుడి నడుము నుంచి పైకి ఒక్క షాట్ పెడితే మొహం, వాద్యం, రెండు చేతులూ ఒకే చట్రంలోకి వస్తాయి. ఏ వాద్యమూ కెమెరాకు ఇంత సులువుగా లొంగదు. దానికి మనవాళ్ళు చేసే మొదటి అపకారం స్లో మోషన్. గజ్జె కాలు నేలను తాకే క్షణమూ తప్పెట దెబ్బా ఒకటిగా పడటంలోనే ఆ కళ బలముంది. వేగం సగం చేస్తే కాలు ఒకచోట, దెబ్బ మరోచోట. రెండో అపకారం ఎడిటింగ్ టేబుల్ మీద. సాఫ్ట్‌వేరు కనిపెట్టిన బీట్ గుర్తుల మీద షాట్లు కోసుకుంటూ పోతారు. మన పాటల్లో నడక చాలాసార్లు మూడు మూడుగానో, ఏడుగానో ఉంటుంది. నాలుగు మీద కోస్తే పల్లవి తిరిగే లోపే నడక తప్పుతుంది. దరువు తెలిసిన మనిషిని ఎడిటరు పక్కన కూర్చోబెట్టి, అతను చేయి తట్టినచోట, దెబ్బకు ఒకటి రెండు ఫ్రేములు ముందు కోయాలి. సరిగ్గా దెబ్బ మీదే కోస్తే కంటికి ఆలస్యంగా అనిపిస్తుంది.

పెదాల సంగతి సరేసరి. పాడిన ఆమె ‘సింత’ అంటుంది, తెర మీది అమ్మాయి ‘చింత’ అని పెదాలు కదుపుతుంది. యాస తెలియని మనిషికి మాట ఎక్కడ సాగుతుందో, ఎక్కడ విరుగుతుందో తెలియదు. క్లోజప్‌లో అది దొరికిపోతుంది. దొరక్కుండా ఉండటానికి మళ్ళీ డ్రోన్ పైకి లేస్తుంది.

దీనికి ఎదురువాదం ఒకటుంది. జనం చూసేది జంటనే, నడివయసు దాటిన గాయని మొహం థంబ్‌నెయిల్‌లో పెడితే ఎవరు నొక్కుతారని అడుగుతారు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమాతో సిక్కోలు నక్కిలీసు గొలుసు పాట రాష్ట్రాలు దాటింది జనం వేసిన స్టెప్పుల వల్లే కదా అంటారు. నిజమే, స్టెప్పులు పాటను మోశాయి. కానీ ఆ స్టెప్పులు జనం తమంతట తాము వేసినవి, ఎవరూ డబ్బిచ్చి వేయించలేదు. పాట బలంగా ఉంటే డ్యాన్సు వీడియోలు వాటంతటవే వస్తాయి. గాయని ఎలా పాడుతుందో, ఆ బృందం ఎలా వాయిస్తుందో చూపే వీడియో మాత్రం ఎవరో ఒకరు పూనుకుని తీస్తే తప్ప రాదు. చేతిలో ఉన్న డబ్బు పెట్టాల్సింది దానికే.

గాయకులనే తెర మీదికి తెస్తే లిప్ సింక్, అంటే ట్రాక్‌కు పెదాలు కలపడం, కుదరదనే భయం కూడా ఉంది. ఆ భయం సబబే, దాని కారణం కూడా తెలుసుకోవాలి. జానపద గాయకులు ఒకే పాటను రెండుసార్లు ఒకేలా పాడరు. స్టూడియోలో క్లిక్ (వేగం తప్పకుండా చెవిలో మోగే టక్‌టక్) పెట్టి పాడించిన ట్రాక్‌కు పొలం గట్టు మీద పెదాలు కలపమంటే, రెండో చరణానికే గాయని తన దారిన సాగిపోతుంది. తప్పు ఆమెది కాదు, పద్ధతిది. ఇలాంటి పాటకు లిప్ సింకే వద్దు. అక్కడే పాడించి అక్కడే రికార్డు చేయాలి. గొంతుకు ఒక మైకు, జముకు తోలుకు జానెడు పైన ఇంకో మైకు, రెండూ రికార్డరులో వేర్వేరు ట్రాకులుగా, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర. ఒక కెమెరా కదలకుండా మొత్తం బృందాన్ని పట్టాలి, రెండోది చేతుల మీదా మొహం మీదా తిరగాలి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత అన్నీ దాన్ని బట్టి కలుస్తాయి. పాటను ఆపకుండా మూడుసార్లు పూర్తిగా పాడించి, బాగా కుదిరిన ఒక్కసారిని వెన్నెముకగా పెట్టుకోవాలి. మిగతా రెండింటి నుంచి పెదాలు కనిపించని ముక్కలు మాత్రమే వాడాలి, లేకపోతే సాహిత్యం కలవదు. నాలుగు నిమిషాల పాటకు మూడుసార్లు, రెండు కెమెరాలు అంటే 24 నిమిషాల ఫుటేజి. సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర 18 జీబీ. 32 జీబీ కార్డు ఒక్కో కెమెరాకు ఒకటి చాలు. నాట్లు, వల లాగడం, జీడిపిక్కలు కొట్టడం వంటి దృశ్యాలు మరో పూట విడిగా తీసుకోవచ్చు, వాటికి పెదాలతో పని లేదు.

చోటు ఎంపికలో జరిగే తప్పు సముద్రం. కెరటం హోరు, గాలి కలిసి మైకును మింగేస్తాయి. ఇంటి అరుగు, పెంకుటింటి వసారా, గుడి మండపం మంచివి. ట్యూబులైటు కింద తీస్తే కెమెరా షట్టరు వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ ఉండాలి. 1/60 పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు తెర మీద పట్టీలు పాకుతాయి. సముద్రమే కావాలంటే మనది తూర్పు తీరమని గుర్తుంచుకోవాలి. పొద్దున్న సముద్రాన్ని వెనక పెట్టుకుంటే సూర్యుడు వీపు మీద పడి మొహం నల్లబడుతుంది. మధ్యాహ్నం మూడున్నర తర్వాత అదే చోట వెలుగు పడమటి నుంచి నేరుగా మొహం మీదికొస్తుంది.

ముందే రికార్డు చేసిన ట్రాక్ వేసి తీయక తప్పని చోట దూరం చూసుకోవాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్పీకరు నుంచి 34 మీటర్ల దూరాన నిలబడిన గాయకుడికి పాట పదో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన రెండున్నర ఫ్రేములు. డ్రోన్ షాట్లలో పెదాలు తప్పేది ఇక్కడే. స్పీకరును ఫ్రేము అంచున, గాయకుడికి మూడు నాలుగు మీటర్లలో పెట్టాలి. పాట ఎప్పుడు మొదలవుతుందో తెలిసేలా దానికి ముందు మూడు ‘పిప్’ శబ్దాలు చేర్చాలి. షూటింగ్ అయ్యాక మిక్సింగ్‌లో టెంపో ముట్టుకోకూడదు. నిమిషానికి 96 దరువుల పాటను ‘కొంచెం ఊపు కోసం’ 100 చేస్తే, నాలుగు నిమిషాల పాట దాదాపు పది సెకన్లు కురచవుతుంది, తీసినదంతా వృథా అవుతుంది.

ఇంతకీ మొహం గురించి ఇంత పట్టుబట్టడం అందం కోసం కాదు, హక్కు కోసం. జానపద పాటకు రాసిన కాగితం లేదు, స్వరలిపి లేదు, ఫలానావారిదని రుజువు లేదు. పాడుతున్న మనిషి, ఊరు, వాద్యం, తేదీ కనిపించే వీడియోయే దానికి దస్తావేజు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కులు గట్టిపడ్డాయి. 38ఎ సెక్షన్ ప్రకారం, వీడియోలో కలపడానికి సంతకం పెట్టిన తర్వాత కూడా, దాన్ని వాణిజ్యంగా వాడితే ప్రదర్శకులకు రాయల్టీ అడిగే హక్కుంది. 38బి కింద ఆ ప్రదర్శన తమదని పేరు వేయించుకునే హక్కుంది. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు నిలుస్తుంది. మన పల్లెల్లో జరుగుతున్నది వేరు. ఒక పూట కూలి చేతిలో పెట్టి గొంతు పట్టుకుపోతారు. యూట్యూబ్ ఛానెల్‌కు వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ వచ్చాక పొడవైన వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానెల్ యజమానికి వెళ్తుంది. పాడినామెకు అందులో పైసా ఉండదు. ఆపైన ఆ పాటను పంపిణీ సంస్థ ద్వారా, ఎవరు వాడినా పట్టేసే యూట్యూబ్ యంత్రం కంటెంట్ ఐడీలో చేర్చేస్తారు. రేపు ఆ ఊరివాళ్ళే తమ జాతరలో తీసిన తమ పాటను పెట్టుకుంటే, దాని మీదికే క్లెయిము వచ్చిపడే ప్రమాదముంది.

కాబట్టి రికార్డింగుకు ముందే ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసి, చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలి. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆదాయంలో ఎవరికెంత శాతం, ఎన్ని నెలలకోసారి ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. సంప్రదాయ బాణీ మీద ఎవరూ ప్రత్యేక హక్కు క్లెయిము చేయరాదన్న షరతు ఉండాలి. మొదటి పది సెకన్లలో పేర్లు, ఊరు, మండలం, కళారూపం తెర మీద పడాలి. ఎడిట్ చేయని మూల ఫుటేజి కాపీ ఒకటి బృందం చేతికి ఇవ్వాలి.

దీన్ని మొదలుపెట్టడానికి విజయనగరం కన్నా తగిన చోటు లేదు. దసరా తర్వాత పైడితల్లి సిరిమానోత్సవానికి రెండు జిల్లాల బృందాలూ ఆ ఊరికి వస్తాయి. వచ్చినవాళ్ళను ఊరేగింపులో నడిపించి పంపేయడం కాకుండా, సంగీత కళాశాలలో ఒక గది, రెండు కెమెరాలు, నాలుగు మైకులు పెట్టి బృందానికి రెండు గంటలు కేటాయించాలి. రెండు గంటల్లో ఒక పాట మూడుసార్లు పాడించడానికీ, ఒప్పందం చదివి వినిపించడానికీ సరిపోతుంది. కళాశాల విద్యార్థులు రికార్డరు దగ్గర కూర్చుని దరువు లెక్క, పాట మాటలు యాస మార్చకుండా రాసుకోవచ్చు. సాంస్కృతిక శాఖ, జిల్లా యంత్రాంగం ఉత్సవాల వేదికకు, లైట్లకు పెట్టే ఖర్చులో చిన్న వాటాతో ఈ పని ఈ ఏడాదే అవుతుంది. బృందాలను పిలిచే జాబితా తయారయ్యేటప్పుడే ఈ గది కూడా ఆ జాబితాలో చేరాలి.