సైరీన్: దేవుడు తెచ్చిన పెళ్లికూతురా, ఊరు తరిమిన కొడుకులా?

లిబియా ఉత్తర తీరాన గ్రీకులు కట్టుకున్న సైరీన్ నగరానికి పుట్టుక కథలు రెండున్నాయి. కవులు చెప్పేది పెళ్లి కథ. గ్రీసులోని పెలియోన్ కొండ మీద ఒట్టి చేతులతో సింహాన్ని పట్టిన సైరీన్ అనే కన్యను గ్రీకు దేవుడు అపోలో చూసి మనసు పారేసుకున్నాడు. బంగారు రథమెక్కించి లిబియాకు తెచ్చుకున్నాడు. క్రీ.పూ. 474లో గ్రీకు కవి పిండార్ పాడింది ఇదే.

రెండోది కరువు కథ. క్రీ.పూ. 7వ శతాబ్దంలో థీరా అనే గ్రీకు దీవిలో (ఇప్పటి శాంటొరీని) ఏడేళ్లు వాన పడలేదు. ఒక్కటి తప్ప చెట్లన్నీ ఎండిపోయాయని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. లిబియాకు పొమ్మని గ్రీసులోని అపోలో గుడి డెల్ఫీలో దైవవాణి చెప్పింది. అదెక్కడుందో దీవిలో ఎవరికీ తెలియదు! అన్నదమ్ములున్న ఇంట చీటీ వేసి ఒకణ్ని తీశారు. యాభై తెడ్ల ఓడలు రెండు, నాయకుడు బట్టోస్.

సైరీన్‌లో దొరికిన క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనంలో వలస వెళ్లేటప్పటి ప్రమాణం ఉంది, అది ఇంకా కరుకుగా మాట్లాడుతుంది. ఓడెక్కనన్నవాడికి మరణదండన, ఆస్తి జప్తు. మైనపు బొమ్మలు చేసి కాల్చి, మాట తప్పినవాడు వంశంతో సహా ఇలాగే కరిగిపోవాలని శపించారు. అయిదేళ్లలో నిలదొక్కుకోలేకపోతే తిరిగి రావచ్చన్న వెసులుబాటూ అందులో ఉంది. ఈ ప్రమాణం మాటలు ఎంత పాతవన్నది పండితుల మధ్య తెగని తగవు. హెరొడోటస్ లెక్కలో మాత్రం వెనక్కొచ్చినవాళ్లను సొంత ఊరివాళ్లే ఒడ్డెక్కనివ్వకుండా కొట్టి తరిమారు. లిబియా తీరం పక్కనున్న ప్లాటియా దీవిలో రెండేళ్లు, ఎదురుగా తీరం మీది అజిరిస్‌లో ఆరేళ్లు గడిచాక స్థానిక లిబియన్లు వాళ్లను పడమటికి తీసుకెళ్లారు. దారిలో అన్నిటికన్నా మంచి నేల ఇరాసా కంటపడకుండా రాత్రిపూట దాటించారు. ఒక ఊట దగ్గర ఆపి, ఇక్కడ ఆకాశానికి చిల్లుంది, ఉండండి అన్నారు. వాన పడే చోటన్నమాట.

మూడో తరానికి లెక్క తిరగబడింది. రెండో బట్టోస్ కాలంలో భూములు పంచుతాం రమ్మని సైరీన్ పిలిస్తే, వెళ్లమని గ్రీకులందరికీ డెల్ఫీ చెప్పింది. నేల పోగొట్టుకున్న లిబియన్లు ఈజిప్టు రాజు అప్రీస్‌ను ఆశ్రయించారు. క్రీ.పూ. 570 ప్రాంతంలో ఆయన సైన్యం ఓడిపోయింది, అదీ ఆ ఇరాసాలోనే. ఊరికే దక్కిన నేల కాదది. మందుకూ వంటకూ వాడిన, నాణేల మీదకెక్కిన సిల్ఫియం మొక్క పండింది అక్కడే. (ఆ మొక్క అంతరించాక రోమన్లు బదులుగా వాడుకున్నది మన చారులో పడే ఇంగువే.)

అలాంటి నేలకు దస్తావేజు కావాలి. నా దృష్టిలో పెళ్లి కథ ఆ పని చేసింది. సైరీన్‌లోనే పుట్టిన కవి కల్లిమాకస్ సింహాన్ని పెలియోన్ నుంచి ఏకంగా లిబియాకే మార్చేశాడు. యురిపిలస్ రాజు పశువులను తినేస్తున్న సింహాన్ని ఆమె చంపిందట. దాంతో నేల పెళ్లికానుక కాదు, కష్టార్జితమైంది.

కథలో పెళ్లికూతురు గ్రీకు పిల్ల. ఊళ్లో పెళ్లికూతుళ్లలో లిబియన్లు తక్కువమందేం కాదనిపిస్తుంది. సైరీన్ ఆడవాళ్లు ఈజిప్టు దేవత ఐసిస్ మీది భక్తితో ఆవు మాంసం ముట్టరని హెరొడోటస్ రాశాడు. చుట్టుపక్కల లిబియన్లదీ అదే ఆచారం.